ఊడ్చిన చెయ్యి

కన్నమ్మ చీపురు పట్టేముందు గాలి చూస్తుంది. పైట చెంగు ఎటు కొట్టుకుంటే అటు ఊడుస్తుంది. ఆ పొద్దు గాలి ఏటి మీంచి వస్తోంది. ఏటికి వీపు పెట్టి, సముద్రం వైపు మొహం పెట్టి, నడుం వంచి మొదలుపెట్టింది.

ఇసక ఊడవడం ఇల్లు ఊడవడంలా కాదు. ఈనెల కొసలు మాత్రమే తగలాలి. బలంగా లాగితే కింది తడి పైకి లేస్తుంది, ఆ తడి చేపకి అంటుకుంటుంది. రాత్రంతా పీతలు తవ్విపోసిన ఉండలు, గాలికొచ్చి పడ్డ మొగలి ముళ్లు, సరుగుడు పుల్లలు, నిన్నటి పొలుసు అన్నీ పోవాలి. ఇసక మాత్రం ఉన్నచోటే ఉండాలి. పొలుసు మిగిలితే మధ్యాహ్నానికి ఈగ, మర్నాటికి పురుగు. కన్నమ్మ ఊడ్చిన చోట ఎండిన నెత్తళ్లు కొరికితే పంటి కింద ఇసక పలకదని పొలసర, కొడల సంతల నుంచి వచ్చే బేరగాళ్లకి కూడా తెలుసు. బండి దిగుతూనే కన్నమ్మ సుకువా ఏదని అడుగుతారు. ఎండుచేపకి వాళ్ల ఒడియా మాట అది.

ఆ చోటుని కొమ్ముతిప్ప అంటారు. గోపాలపురానికి దక్షిణంగా నాలుగు కోసుల దూరం. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉప్పుటేరు, నడుమ గేదె కొమ్ములా వంగిన ఇసక. కొమ్ము మొదట ఊరు, ఇరవై ఏడు గడప. ఊరు దాటితే మొగలి పొదలు, ఆ తరవాత సరుగుడు తోపు, తోపు దాటాక సముద్రం వైపు వాలుగా చేపలు ఎండేసే మడులు. చిట్టచివర ఏరు కడలిలో కలిసే ముక్కు. మడులు పద్నాలుగు. వాటికి గట్టు లేదు, రాయి లేదు, కర్ర లేదు. ఒకరు ఊడ్చిన ఇసకకీ ఇంకొకరు ఊడ్చిన ఇసకకీ మధ్య జానెడు వెడల్పున ఊడవని ఇసక ఉంటుంది. అదే సరిహద్దు.

కన్నమ్మ తన మడి ముగించి, నడుం నిలబెట్టి, పక్క మడిలోకి దిగింది. నిరుటి దాకా బుల్లమ్మది, ఇప్పుడు అదీ తనదే. తోపులో పుల్లలు ఏరుకుంటున్న బుల్లమ్మ అత్త జగ్గమ్మ అది చూసి ఆగింది. ముసలిది. ఒక కంట పొర కమ్మింది.

"రెండు మడులకి నడుం ఎలాగొంగుతాదే కన్నమ్మా?"

"ఒంగినన్నాళ్లు ఒంగుతాది. ఒంగనినాడు ఇంకొకలు ఊడుత్తారు. నానెట్టిన కట్టా అత్తా ఇది?"

"కట్టు నువ్వెట్టలేదు. నా సెయ్యి సెల్లదన్నది మాత్రం నువ్వే."

కన్నమ్మ చీపురు ఆపలేదు. "మడి నీ కోడలిది, సెయ్యి నీది. ఎలాగ సెల్లుతాది? మసేను తాత కూకుని ఒప్పుకున్నాడా లేదా?"

"ఒప్పుకున్నాడు," అంది జగ్గమ్మ. "నీ నోటికెవులు ఒప్పుకోరు?" పుల్లల మోపు నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

తిప్ప మీద కట్టు ఒక్కటే. మడి ఊడ్చినవాళ్లది. వరసగా మూడు పొద్దులు ఇంకొక చెయ్యి ఊడిస్తే మడి ఆ చేతిదవుతుంది. నిరుడు బుల్లమ్మ జ్వరంతో మూడు రోజులు లేవలేదు. అత్తకి చీపురిచ్చి పంపింది. జగ్గమ్మ కళ్లు నలుపుకుంటూ వచ్చేసరికి మూడు పొద్దులూ కన్నమ్మ ముందే ఊడ్చేసి ఉంది; జగ్గమ్మ ఆ మీదే మళ్లీ ఊడ్చింది. పెద్దల ముందు బుల్లమ్మ గోడకి చేరబడి ఒకటే మాట అంది: "సీపురు నాను పంపినాను. పంపినోల్లదే ఊడుపు." కన్నమ్మా ఒకటే అంది: "సీపురు పంపితే అయిపోదు. ఊడిసిన సేతిదే మడి." కులపెద్ద మసేను గడ్డం గోక్కుని కన్నమ్మ మాటకే తలూపాడు. ఆనాటి నుంచి బుల్లమ్మ ఏటి గట్టున, ఎవరూ ముట్టని బురద నేల మీద చేప ఎండేసుకుంటోంది. అంతకు ముందు కన్నమ్మని అప్పా అని పిలిచేది. ఇప్పుడు ఏమనీ పిలవదు. ఎదురైతే పక్కకి తప్పుకుని దారిస్తుంది.

ఆ పొద్దే ఎండ ఎక్కేలోగా అమీను వచ్చాడు. పేరు కూర్మారావు, ఈ నేలల లెక్క చూసే జమీందారీ ఎస్టేటు ఉద్యోగి. తట్టువ గుర్రం మీద వచ్చి, ఊళ్లో దిగకుండా తిన్నగా మడుల దాకా వచ్చి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని చుట్టూ చూశాడు. చేపలు తిరగేస్తున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు.

"గోపాలపురంలో దిగిన దొరగారు, దొరసాని రేపు సాయంత్రం ఇక్కడికి వస్తున్నారు. గాలి మార్పుకి. రెండు రాత్రులు గుడారాలు వేసుకుని ఉంటారు. ముక్కు దాకా షికారు నడుస్తారు. ఈ చేప ఒక్కటి కనపడకూడదు. కంపు రాకూడదు."

"మాకెవులు మారుత్తారు బాబూ గాలి?" అంది ఇంకొక మడి ఊడ్చే కాసమ్మ వెనకనుంచి. ఆడవాళ్లు పైటలు నోటికడ్డం పెట్టుకున్నారు.

అమీను నవ్వలేదు. "ఏటి గట్టున ఎండేసుకోండి. రెండు రోజులకి చచ్చిపోరు."

అందరూ కన్నమ్మ వైపు చూశారు. ఊళ్లో మాట తెగ్గొట్టాల్సి వస్తే అందరూ అటే చూస్తారు. కన్నమ్మ చేతులకంటిన పొలుసు కోకకి తుడుచుకుని ముందుకొచ్చింది.

"సేప ఎండెయ్యం బాబూ. ఊడుసుకుని ఎల్లిపోతాం."

"అదీ వద్దు. దొరసాని తెల్లవారుతూనే నడుస్తుందిట. ఇంతమంది చీపుళ్లు పట్టుకుని ఎదురొస్తే ఏం బాగుంటుంది?"

కన్నమ్మ బొటనవేలితో మిగతా వేళ్లు తాకుతూ లెక్క చూసింది. రేపు పొద్దున తామే ఊడుస్తారు. దొరలు దిగేది సాయంత్రం. ఎల్లుండి ఒక పొద్దు, ఆవలెల్లుండి ఒక పొద్దు. రెండే.

"మూడో పొద్దుకి మా మడులకి మేం ఒచ్చెయ్యాల. ఆ మాటియ్యండి."

"ఇచ్చాను," అన్నాడు అమీను. ఏ మాట ఇచ్చాడో, దాని బరువెంతో అతనికి తెలియదు. "ఇంకొకటి. గుడారాల నుంచి ముక్కు దాకా శుభ్రంగా ఉండాలి. ఊడవడానికి ఒక మనిషి కావాలి. ఎవరొస్తారు?"

ఎవరూ కదల్లేదు. ఒకరి మడిలో ఇంకొకరు చీపురు పెట్టడం అంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. అప్పుడు ఏటి వైపు నుంచి తడి గంప చంకన పెట్టుకుని వస్తున్న బుల్లమ్మ ఆగింది. ఏమిటని పక్కనున్న ఆడమనిషిని అడిగింది. విని, గంప దింపింది.

"నానొత్తాను బాబూ."

కాసమ్మ కన్నమ్మ మోచెయ్యి గిల్లింది. "ఏటే, ఊరుకున్నావు? అదెల్లితే?"

"రెండు పొద్దులే గదే," అంది కన్నమ్మ మెల్లిగా. "రెండుకి పోదు. ఊడవకపోతేనే మడి పాడవుతాది. ఊడవనీ."

*

మర్నాడు సాయంత్రం గోపాలపురం వైపు నుంచి నాలుగు బళ్లు వచ్చాయి. గుడారాల గుడ్డ, మడత కుర్చీలు, ఇనప పెట్టెలు, బుట్టలో కోళ్లు, గొలుసుతో రెండు కుక్కలు. తోపు నీడలో మూడు గుడారాలు లేచాయి. మొగలి పొదల దగ్గర అడ్డంగా తాడు కట్టారు. తాడు దగ్గర ఎస్టేటు బంట్రోతు ఒకడు, కర్ర నేలకి తాటించుకుంటూ.

ఆడవాళ్లు ఏటి గట్టుకి చేరారు. అక్కడి నేల నల్లది. ఆటుపోటుకి తడిసి, ఎండకి పొక్కులు కట్టి, అడుగేస్తే పెంకులా విరుగుతుంది. కన్నమ్మ ఉన్నంతలో ఎత్తు చూసుకుని, చేత్తో చదును చేసి, తోపు నుంచి ముందే తెచ్చుకున్న రెండు గంపల ఇసక పరిచి, దాని మీద నెత్తళ్లు పరిచింది. మధ్యాహ్నానికి తిరగేసి చూస్తే తడి ఇసకలోంచి పైకి పాకి చేప కడుపులు నల్లబడ్డాయి. ఒకటి తీసి కొరికింది. కరకరమంది. ఉమ్మేసింది.

అక్కణ్ణించి తిప్ప వీపంతా కనబడుతుంది. దొరసాని సన్నగా, పొడుగ్గా ఉంది. తెల్ల గౌను, గడ్డి టోపీ. తెల్లవారగానే గుడారం బయటికి వచ్చి, బూట్లు విప్పి చేత పట్టుకుని, ఒంటరిగా ముక్కు దాకా నడిచింది. మధ్యమధ్య వంగి గవ్వలు ఏరింది. దొర వెనక నించి నిదానంగా, చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. ఏరు సముద్రంలో పడేచోట ఇద్దరూ చాలాసేపు నిలబడ్డారు. అక్కడ నీళ్లు రెండు రంగులు. ఏటి నీరు పచ్చన, కడలి నీలం. కన్నమ్మ నలభై ఏళ్లుగా ఆ నీళ్లు చూస్తోంది. పచ్చని నీరు కడలిలోకి ఎంత దూరం పోతే ఆ రోజు నెత్తళ్లు అంత దగ్గరికొస్తాయని చూసేది. నిలబడి ఊరికే చూడవచ్చని ఎప్పుడూ తోచలేదు.

బుల్లమ్మ వాళ్లకంటే ముందే లేచి ఊడ్చేసింది. గుడారాల ముందు నుంచి మొదలుపెట్టి పద్నాలుగు మడుల మీదుగా ముక్కు దాకా. ఆమె గాలి చూసి ఊడవడం, కొసలు మాత్రమే తగలనివ్వడం, అడుగు వెనక్కి వేస్తూ తన అడుగుజాడ తానే చెరిపేసుకోవడం ఏటి గట్టు నుంచి కన్నమ్మకి కనిపించింది. ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ చీపురు గీతలు తిప్పంతా నేతచీర మడతలా మెరిశాయి.

"బాగా ఊడుత్తాది," అంది కాసమ్మ పక్కన కూర్చుని.

"మా అత్త దగ్గరే, నాతోపాటే నేర్సింది," అంది కన్నమ్మ. తరవాత ఆ మాట ఎందుకన్నానా అనుకుంది.

దొరసాని ఆ గీతల మీద అడుగు పెట్టలేదు. పక్కనుంచి, అలలు తడిపిన చోట నడిచింది. మధ్యలో ఆగి దొరకి చేత్తో చూపించింది. దొర వంగి, వేలితో ఒక గీత తాకి చూశాడు.

రెండో పొద్దూ అంతే. ఆ సాయంత్రం కన్నమ్మ మొగుడు కాసులు వల దులిపి వస్తూ వస్తూ కబురు తెచ్చాడు.

"దొరసానికి సోటు నచ్చేసిందంట. ఇంకొక రోజుంటారంట. బంట్రోతు సెప్పినాడు."

కన్నమ్మ గంజి వారుస్తోంది. కుండ నేల మీద నిలబెట్టేసింది. "రేపు పొద్దున్న?"

"రేపు పొద్దున్నా ఉంటారు. ఎల్లుండి ఎల్తారు."

"మాటిచ్చినాడు గదా అమీను."

"ఆడి మాటేటి, దొరసాని కాలు కదపనంటే ఆడేటి సేత్తాడు?" కాసులు పీట వాల్చుకున్నాడు. "ఒక్క పొద్దు గదే. నీ మడి నెత్తినెట్టుకెల్లిపోతారా?"

మగవాళ్లకి సముద్రం తెలుసు. ఇసక తెలియదు.

*

మూడో పొద్దు ఇంకా ఎర్రబారక ముందే చీపురు కోక కింద పెట్టుకుని బయల్దేరింది. మొగలి పొదల దారిన పోలేదు. సముద్రంలోకి దిగి, మోకాలి లోతులో అలల వెంట నడుస్తూ తాడు కొసని తప్పించుకుని, తడి కోకతో తన మడి కిందకి చేరింది. బుల్లమ్మ ఇంకా గుడారాల దగ్గరే ఉంది. మొదటి మడి సగం అయింది ఆమెకి. ఇంకా తొమ్మిది మడులు దాటితే గాని ఇక్కడికి రాదు.

ఒక్క గీత చాలు. ఈ మూలనుంచి ఆ మూలకి ఒకసారి చీపురు ఆడితే చాలు, మూడో పొద్దు తనదవుతుంది. తన మడే కాదు, పరుగున పోతే మిగతా వాళ్లవీ ఒక్కొక్క గీత లాగవచ్చు. కన్నమ్మ గాలి చూసింది. వీపు తిప్పుకుంది. వంగింది.

"ఏయ్," అని బంట్రోతు అరిచాడు. కర్ర పైకెత్తి పరుగెత్తుకొచ్చాడు. కుక్కలు మొరిగాయి. గుడారం గుడ్డ పక్కకి తీసి దొరసాని బయటికి వచ్చింది. చెయ్యెత్తి బంట్రోతుని ఆగమంది. తనే నడిచొచ్చింది. వెనకాలే బట్లరు, అరవ యాస మనిషి, భుజాన తువ్వాలుతో.

దగ్గర్నించి చూస్తే దొరసానికి కన్నమ్మ వయసే ఉంటుంది. ముక్కు మీద ఎండకి తోలు లేచింది. కన్నమ్మ తడి కోక, కోక అంచుని కారుతున్న నీళ్లు, చేతిలో చీపురు చూసింది. ఆమె మొహంలో ఏదో నొచ్చుకున్నట్టయింది. బట్లరుతో ఏదో అంది.

"నీళ్లల్లోంచి వచ్చావే, చలి కాదా అని అడుగుతున్నారు."

"సలి లేదు బాబూ. మడి ఊడుసుకుని ఎల్లిపోతాను. ఇది నా మడి. సెప్పు ఆ తల్లికి."

బట్లరు చెప్పాడు. ఏం చెప్పాడో. దొరసాని తల అడ్డంగా ఊపి, నవ్వి, కన్నమ్మ చేతిలోంచి చీపురు తీసుకుంది. లాక్కోలేదు. పసిపిల్ల చేతిలోంచి కత్తి తీసుకున్నట్టు మెల్లిగా తీసుకుంది.

"నువ్వు ఊడవక్కర్లేదంటున్నారు. ఊడవడానికి మనిషి ఉంది గదా. వయసైనదానివి, కూర్చో అంటున్నారు."

"నాను ఊడవాల బాబూ. ఒక్క గీత."

"కూర్చో అంటున్నారమ్మా. కోపం కాదు. దయే."

మడత కుర్చీ వచ్చింది. బంట్రోతు దాన్ని కన్నమ్మ మడి నడిమధ్య వేశాడు. వేసేటప్పుడు కన్నమ్మ మొహం చూడలేదు. కూర్చోకపోతే కర్ర ఎత్తుతాడని కాదు, దొరసాని అలా చెయ్యి చాచి చూపిస్తూ నిలబడి ఉంది. కన్నమ్మ కూర్చుంది. గుడ్డ కుర్చీ లోపలికి దిగిపోయింది. కాళ్లు నేలకి సరిగ్గా ఆనలేదు. కప్పులో ఎర్రటి నీళ్లేవో ఇచ్చారు. వేడిగా, వగరుగా ఉన్నాయి. దొర గుడారం లోంచి నల్లపెట్టె తెచ్చి ఎదురుగా నిలబెట్టి, దాని వెనక గుడ్డ కప్పుకుని వంగాడు.

బుల్లమ్మ ఊడ్చుకుంటూ వచ్చింది. తొమ్మిదో మడి, పదో మడి. పదకొండో మడిలో కన్నమ్మ కుర్చీ ఉంది. బుల్లమ్మ తల ఎత్తలేదు. కుర్చీ చుట్టూ ఊడ్చింది. కుర్చీ కాళ్ల మధ్య ఊడ్చింది. కన్నమ్మ పాదాలు పైకి తీసింది. ఆ పాదాల కిందా ఊడ్చింది.

"ఒలే బుల్లమ్మా," అంది కన్నమ్మ గొంతు తగ్గించి. "ఒక్కపాలి సీపురియ్యి."

"నాది కాదు," అంది బుల్లమ్మ చీపురు వంక చూస్తూ. "అమీను బాబుది." వెనక్కి అడుగేస్తూ, తన అడుగుజాడ చెరుపుకుంటూ, పన్నెండో మడిలోకి వెళ్లిపోయింది.

*

గుడారాలు విప్పుకుని దొరలు పోయిన రెండో రోజు, మడుల్లో ఇంకా ఎవరి చీపురూ దిగకముందే, అమీను మళ్లీ వచ్చాడు. ఈసారి బండి మీద. బండిలో సున్నం కొట్టిన రాళ్లు. మసేను ఇంటి ముందు ఊరంతా చేరింది. అమీను అరుగు మీద కూర్చుని కాయితం విప్పాడు.

"దొరగారు ఇక్కడ బంగళా కట్టుకుంటారు. మొగలి పొదలు దాటాక ముక్కు దాకా, దారితో సహా. దొరసానిగారికి ఆ ఇసక, ఆ ఊడుపు అంతగా నచ్చాయి. ఇలాంటి తీరం బొంబాయిలో కూడా చూడలేదందిట. ఎస్టేటు ఇచ్చేసింది. కాని ఊళ్లో చదివి అడగాలని రూలు. అడుగుతున్నాను. ఆ జాగా మీద ఎవరికైనా అనుభవం, అంటే వాడుకుంటున్న హక్కు, ఉందా? ఉంటే రాస్తాను. రాస్తే కాయితం ఛత్రపురం కచ్చేరీకి పోతుంది. తేలేదాకా పని ఆగుతుంది. లేకపోతే లేదని రాస్తాను."

కన్నమ్మ గోడవార నిలబడి ఉంది. అందరూ ఇటే చూస్తున్నారని చూడకుండానే తెలుస్తోంది.

"ఉంది బాబూ," అంది.

"ఎవరిది?"

మసేను కట్టు చెప్పాడు. ముసలాయన గొంతు సన్నది, నిదానంగా, ఏదీ వదలకుండా చెప్పాడు. ఊడిసినోళ్లది మడి. మూడు పొద్దులు వరసగా. సేతిదే గాని పంపినోళ్లది కాదు. నిరుడు కూకుని తేల్చినాం. అమీను కలం చెవి మీంచి తీసి, మొదటిసారి రుమాలు పక్కన పెట్టి విన్నాడు. తెలివైన మనిషి. పూర్తిగా వినేశాక అడిగాడు.

"అయితే కడపట మూడు పొద్దులూ ఊడ్చింది ఎవరు?"

కాసమ్మ నేల మీద గోటితో గీస్తోంది. కాసులు చుట్ట ఆర్పేశాడు.

కన్నమ్మకి దారి కనబడుతూనే ఉంది. అది ఒక్కటే దారి. సేతిదే అంటే ఎస్టేటుది కాకుండా పోతుంది. సేతిదే అంటే తన రెండు మడులూ పోతాయి, ఊరి మొత్తం పద్నాలుగూ పోతాయి, పోయి ఒక్క మనిషి కిందకి చేరతాయి. రేపటి నించి తాను ఆ మనిషి గుమ్మంలో నిలబడి జానెడు ఇసక అడగాలి. అమీను కలం సిరాలో ముంచాడు.

"బుల్లమ్మ," అంది కన్నమ్మ. గోడ వదిలి ముందుకొచ్చింది. మళ్లీ అంది. "మూడు పొద్దులూ బుల్లమ్మ ఊడిసింది. పద్నాలుగు మడులూ బుల్లమ్మవే. నా రెండూ కూడాను. బుల్లమ్మ పేర రాయండి."

ఊరు ఊరంతా ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టయింది. మసేను తలూపాడు. అత్త పక్కన చతికిలబడి కూర్చున్న బుల్లమ్మ లేచి నిలబడింది. అమీను ఆమెనే చూశాడు.

"ఏమ్మా? నీదేనా? నీదంటే రాస్తాను."

బుల్లమ్మ చేతులు రెండూ ముందు కట్టుకుని ఉంది. ఆ చేతులకి మూడు రోజుల కొత్త కాయలు.

"అనవే అమ్మా," అన్నాడు మసేను. "ఒక్క మాట. ఊరు నిలబడతాది."

"నాది కాదు బాబూ," అంది బుల్లమ్మ.

"ఓలే," అంది కాసమ్మ.

"నన్నంపింది అమీను బాబు. సీపురు ఆరిది. పంపినోల్లదే ఊడుపు." ఆమె కన్నమ్మ వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండునని కన్నమ్మకి అనిపించింది. "నిరుడు ఇదే అన్నాను. ఇయ్యాలా ఇదే అంతన్నాను. మడి కోసం మాట మార్సనా? నువ్వు మార్సలేదు గదా."

జగ్గమ్మ పొర కమ్మిన కన్ను కొంగుతో ఒత్తుకుంది. అమీను ఒక్క క్షణం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తరవాత కాయితం మీద రెండు ముక్కలు రాసి, ఇసక చల్లి, ఊదాడు.

సాయంత్రానికి మొగలి పొదల నుంచి ముక్కు దాకా రెండు వరసల తెల్ల రాళ్లు నిలబడ్డాయి.

*

కన్నమ్మకి రెండు పొద్దులు చెయ్యి దానంతటదే చూరులోని చీపురుకి పోయింది. మూడో పొద్దు పోలేదు.

ఏటి గట్టున తెచ్చి పోసిన ఇసకంతా పోటుకి కొట్టుకుపోయింది. మళ్లీ తెద్దామంటే ఇసక రాళ్లకి అవతల ఉంది. పదమూడు మంది పదమూడు చోట్ల బురద మీద గడ్డి పరిచి, గోనె పరిచి చూశారు. గడ్డి తడిని పీల్చి చేపకి ఎక్కించింది. గోనె పీచు చేపకి పట్టుకుంది. పొలసర బండి వచ్చింది. బేరగాడు కన్నమ్మ గంప ముందు కూర్చుని, ఒక నెత్తలిని విరిచి, వాసన చూసి, తిరిగి గంపలో పెట్టేశాడు. పక్క గంప దగ్గరికి జరిగాడు. ఆ గంప బుల్లమ్మది. అది మొత్తం కట్టించుకుని బండిలో వేయించుకున్నాడు.

బండి పోయాక కన్నమ్మ అక్కడే గొంతుక్కూర్చుని నల్లబడ్డ చేపల్ని ఒక్కొక్కటే కొంగుతో తుడుస్తోంది. తుడిస్తే పోయేది కాదని తెలుసు. రాళ్ల అవతల నుంచి బుల్లమ్మ వస్తోంది. దొర దారి ఊడ్చి వస్తోంది. దొరసాని ఆ మనిషే ఊడవాలందిట. చంకలో ఎస్టేటు చీపురు. కొత్తది, పిడికి ఎర్ర గుడ్డ చుట్టి ఉంది. దాటి పోతుందనుకుంది కన్నమ్మ. పక్కకి ఒదిగింది, దారి ఇవ్వడానికి.

బుల్లమ్మ దాటలేదు. నిలబడి కన్నమ్మ పరిచిన గడ్డి చూసింది. చీపురు పక్కన పెట్టి కూర్చుని, ఆ గడ్డిని రెండు చేతులా చుట్టి ఏట్లో పడేసింది. తన చోటు నుంచి ఎండిన తాటాకులు నాలుగు తెచ్చింది. ఆకుల్ని మడత విప్పి, బోర్లా వేసి, ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కేలా పరిచింది. కింద రెండు వేళ్ల ఎత్తున తాటిమట్ట చీలికలు అడ్డం పెట్టింది.

"గాలి కిందనించీ పోవాల. పోటు రాకముందు ఎత్తెయ్యాల. నడిపొద్దు దాటినాక తిరగెయ్యకు, జాము పొద్దెక్కినాక ఒకపాలి తిరగెయ్యి." ఆకు చివర సర్దుతూ అంది. "నాకు నేర్సుకోడానికి ఏడాది పట్టింది అప్పా."

కన్నమ్మ రెండో ఆకు అంచు పట్టుకుంది.

బుల్లమ్మ ఒడిలోంచి తన నెత్తళ్లు గుప్పెడు తీసి ఆకు మీద పెట్టి, చీపురు తీసుకుని, ఊళ్లోకి వెళ్లిపోయింది. కన్నమ్మ వాటిల్లోంచి ఒకటి తీసుకుంది. బురద మీద ఎండిన చేప. అటూ ఇటూ తిప్పి చూసింది. తెల్లగా, వంకర పోకుండా ఉంది. కొరికింది. నమిలింది. పంటి కింద ఇసక పలుకుతుందేమోనని చూస్తూ చాలాసేపు నమిలింది.

పలకలేదు.